కుక్కపిల్లకు టీకాలు: ఏది, ఎప్పుడు వేయించాలి, రియాక్షన్ వస్తే ఏం చేయాలి

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్ళు అడిగేవి తిరిగి తిరిగి మూడే ప్రశ్నలు. మొత్తం ఎన్ని ఇంజెక్షన్లు? కలిపి వేసే టీకాల్లో సెవెన్ ఇన్ వన్ మంచిదా, నైన్ ఇన్ వన్ మంచిదా? పొద్దున ఇంజెక్షన్ వేయించాం, ఇప్పుడు మొహం వాచింది, ఏం చేయాలి? మొదటి రెండూ తీరిగ్గా అడుగుతారు. మూడోది మాత్రం క్లినిక్‌లు మూసేశాక, గొంతులో టెన్షన్‌తో వస్తుంది. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను. ఇంజెక్షన్‌కి ముందురోజు ఒకసారి చదివి పెట్టుకోండి. డోసు, మందు నిర్ణయించేది మాత్రం మీ పిల్లను చేత్తో పట్టి చూసిన డాక్టరే.

ముందుగా ఒక్క విషయం

పుట్టిన వెంటనే తాగిన ముర్రుపాల వల్ల పిల్లకు తల్లి నుంచి కొంత రక్షణ వస్తుంది. అది కొన్ని వారాలు కాపాడుతుంది. అదే రక్షణ టీకాను కూడా పనిచేయనివ్వదు. ఒక పిల్లలో అది 8 వారాలకే తగ్గిపోవచ్చు, ఇంకో పిల్లలో 14 వారాలు దాటినా ఉండొచ్చు. బయటి నుంచి చూసి చెప్పలేం. అందుకని 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ, 16 వారాలు నిండాక కూడా ఒక డోసు పడేలా చూస్తారు.

కాబట్టి "మూడు డోసులు అయిపోయాయండీ" అంటే నేను అడిగేది ఒకటే: మూడోది ఏ వయసులో వేశారు? 12 వారాలకే ముగించేస్తే, మూడు పడినా నాలుగు పడినా పిల్లకు రక్షణ వచ్చిందని ధీమాగా అనలేం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పిల్ల పుట్టిన తేదీ. అమ్మినవాళ్ళు "రెండు నెలలు" అని నోటితో చెప్తే సరిపోదు, తేదీ అడగండి. వీధిలోంచి తెచ్చుకున్న పిల్లయితే పళ్ళు చూసి డాక్టర్ అంచనా వేస్తారు. ముందు పాలపళ్ళు ఊడి కొత్తవి రావడం సుమారు నాలుగో నెలలో మొదలవుతుంది.
- టీకా పుస్తకం. ఇంతకుముందు వేసినవాటి స్టిక్కర్లు అందులో ఉండాలి.
- పిల్లకే కేటాయించిన డిజిటల్ థర్మామీటర్, కొంచెం వ్యాజలైన్.
- పిల్ల బరువు. మీరు పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడండి, తర్వాత ఒక్కరే నిలబడండి, తేడా తీసుకోండి.
- రెండు ఫోన్ నంబర్లు: మీ డాక్టర్‌ది, రాత్రిపూట కూడా తెరిచి ఉండే ఆసుపత్రిది. రెండోది నిజంగా రాత్రి ఎత్తుతారో లేదో ముందే ఒకసారి చేసి చూడండి.
- ఇంజెక్షన్ వేయించిన రోజంతా ఇంట్లో ఉండే మనిషి.

1. ఏ టీకాలో తేల్చుకోండి

పుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాలు చూసి కంగారుపడకండి. డి అంటే డిస్టెంపర్, హెచ్ అంటే హెపటైటిస్, పి అంటే పార్వో, పిఐ అంటే పారా ఇన్‌ఫ్లుయెంజా, ఎల్ అంటే లెప్టోస్పైరోసిస్, ఆర్ అంటే రేబిస్, సి అంటే కరోనా.

ఏ పిల్లకైనా తప్పనిసరి: డిస్టెంపర్, హెపటైటిస్, పార్వో, రేబిస్. ఇందులో బేరం లేదు.

లెప్టో మన దగ్గర దాదాపు తప్పనిసరి లాంటిదే. ఎలుకల మూత్రం కలిసిన వాననీటి నుంచి వచ్చే జబ్బు అది, కుక్క నుంచి మనుషులకూ సోకుతుంది. వానాకాలంలో నీళ్ళు నిలిచే వీధులు, పొలాల గట్లు, పశువుల కొట్టాలు, ఎలుకలు తిరిగే అపార్ట్‌మెంట్ సెల్లార్లు ఉన్నచోట దీన్ని వదలొద్దు. దీనికి 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏడాదికోసారి.

కెన్నెల్ కాఫ్ (ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే కుక్కల దగ్గు) టీకా, ఊరెళ్ళేటప్పుడు కుక్కను బోర్డింగ్‌లో వదిలేవాళ్ళకు, డాగ్ షోలకు తీసుకెళ్ళేవాళ్ళకు. ఇంటిపట్టున ఉండే పిల్లకు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇక సెవెన్, నైన్ గొడవ. ఆ అంకె పెద్దదైతే రక్షణ పెద్దదని కాదు. లెప్టోలో ఒక్కో రకాన్ని విడిగా లెక్కేసి అంకె పెంచుతారు, కొన్నిట్లో కుక్కల కరోనా కూడా కలుపుతారు. ఈ కరోనా మనుషులకు వచ్చిన కోవిడ్ కాదు, కుక్కల పేగులకు సంబంధించిన వేరే వైరస్. దాని టీకాను ప్రపంచ చిన్న జంతువుల వైద్యుల సంఘం మార్గదర్శకాలు సిఫారసు చేయవు. కాబట్టి షాపులో "నైన్ ఇన్ వన్ వేయించండి, పవర్ ఎక్కువ" అంటే నవ్వి ఊరుకోండి. తప్పనిసరివన్నీ, లెప్టోతో సహా, ఉన్నాయా అన్నది చూసుకోండి చాలు.

2. తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి

మన దగ్గర ఎక్కువగా నడిచే పద్ధతి ఇలా ఉంటుంది:

- 6 నుంచి 8 వారాలు: మొదటి డోసు. డిస్టెంపర్, పార్వో మాత్రమే ఉన్న పప్పీ టీకా గానీ, డిహెచ్‌పిపిఐ (డిస్టెంపర్, హెపటైటిస్, పార్వో, పారా ఇన్‌ఫ్లుయెంజా నాలుగూ కలిసిన టీకా) గానీ.
- 10 నుంచి 12 వారాలు: డిహెచ్‌పిపిఐ, లెప్టో మొదటి డోసు.
- 12 వారాలు నిండాక: రేబిస్.
- 14 వారాలు: డిహెచ్‌పిపిఐ, లెప్టో రెండో డోసు.
- 16 వారాలు నిండాక: చివరి డిహెచ్‌పిపిఐ. రేబిస్ రెండో డోసు కూడా చాలామంది డాక్టర్లు ఈ సమయంలోనే వేస్తారు.
- 6 నెలలకు గానీ ఏడాదికి గానీ: ఒక బూస్టర్.

మీ డాక్టర్ తేదీలు ఒక వారం అటూ ఇటూ ఉంటే పరవాలేదు. రెండు టీకాల మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి, చివరిది 16 వారాలు నిండాకే పడాలి. ఈ రెండూ తప్పితే మాత్రం అడగండి. రాట్‌వైలర్, డాబర్‌మన్ పిల్లల్లో పార్వో టీకాకు స్పందన కొన్నిసార్లు తక్కువగా ఉంటుందని పేరు. వాటికి చివరి డోసు విషయంలో ఇంకా పట్టుదలగా ఉండండి.

డోసు ఆలస్యమైతే? డిహెచ్‌పిపిఐ అయితే ఆపినచోట నుంచే కొనసాగిస్తారు. లెప్టో రెండు డోసుల మధ్య ఆరు వారాలు దాటిపోతే మాత్రం సాధారణంగా మళ్ళీ మొదటి నుంచి రెండు డోసులు వేస్తారు.

3. ఆ రోజు పొద్దున పిల్లను చూసుకోండి

తిన్నదా, ఆడిందా, విరేచనం గట్టిగా ఉందా? వెనక నుంచి థర్మామీటర్ పెట్టి చూడండి. కొసకు వ్యాజలైన్ రాసి, ఒక అంగుళం లోపలే పెట్టాలి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు కుక్కకు మామూలే. మనకు 102 అంటే జ్వరం, దానికి కాదు.

జ్వరం, వాంతులు, నీళ్ళ విరేచనాలు, హుషారు లేకపోవడం ఉంటే టీకా వాయిదా వేయించండి. జలుబుతో చిన్నగా తుమ్ముతోందంటే డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. చర్మం దురదకు స్టెరాయిడ్ ఇంజెక్షనో బిళ్ళలో వాడి ఉంటే తప్పకుండా చెప్పండి, ఎక్కువ మోతాదులో వాడితే టీకా సరిగ్గా పట్టదు.

నులిపురుగుల మందు ఇంజెక్షన్‌కి కొన్ని రోజుల ముందే వేసేయండి. పిడుదుల చుక్కల మందు, కొత్త రకం తిండి, కొత్త షాంపూ, ఏదీ ఆ రోజు పెట్టుకోకండి. "ఎలాగూ వచ్చారు కదా, అన్నీ ఒకేసారి కానిచ్చేద్దాం" అంటారు. రేపు దద్దుర్లు వస్తే దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

బయల్దేరేముందు పిల్ల మొహానికి ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీయండి. పగ్, షిట్జు లాంటి మొహాల్లో సాయంత్రానికి "ఇది వాపా, ఎప్పుడూ ఇలాగే ఉంటుందా" అన్న అనుమానం తప్పకుండా వస్తుంది. అప్పుడు ఆ ఫోటోయే తేలుస్తుంది.

4. ఎక్కడ, ఎప్పుడు వేయించాలి

వారం మధ్యలో, పొద్దునపూట. శనివారం రాత్రి ఎనిమిదింటికి వేయించుకుని ఆదివారం డాక్టర్ కోసం తిరగడం ఎందుకు?

టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మెడికల్ షాపులో కొని, ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, బండి మీద అరగంట తిరిగి తెస్తే ఆ సీసాలో టీకా ఉంటుంది గానీ పని ఉండకపోవచ్చు. చూస్తే తేడా తెలియదు. అదే అసలు చిక్కు. క్లినిక్ ఫ్రిజ్‌లో ఉన్నదే వేయించండి. బయట కొనక తప్పకపోతే ఐస్ ప్యాక్‌లు పెట్టిన థర్మాకోల్ డబ్బాలో, ఐస్ నేరుగా సీసాకు తగలకుండా గుడ్డ చుట్టి తెండి.

ఇంటికొచ్చి వేసే డాక్టరైతే ఫోన్‌లోనే రెండు మాటలు అడగండి: "టీకా ఐస్ బాక్స్‌లో తెస్తున్నారా సార్? అడ్రినలిన్ బ్యాగులో ఉంటుందా?" అడ్రినలిన్ అంటే టీకా వల్ల షాక్ వస్తే ఇచ్చే అత్యవసర మందు. మంచి డాక్టర్ ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోరు. వేశాక అరగంట కూర్చోమని, కాఫీ తాగి వెళ్ళమని కూడా చెప్పండి.

అమ్మినవాడో పెట్ షాపువాడో "మేమే వేసేశాం" అంటే స్టిక్కరు, తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. అవి లేకపోతే ఆ టీకా పడనట్టే లెక్కేసుకుని డాక్టర్‌ని అడగండి. రెండు వారాలు గడిచాక మళ్ళీ డోసు వేయడం వల్ల నష్టం లేదు.

ఖర్చు కష్టమైతే ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. జూలై 6 జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం, సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉచితంగా రేబిస్ టీకాలు వేసే క్యాంపులు పెడుతుంటారు. పెద్ద కేసులకు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి.

5. సూది వేసేటప్పుడు కళ్ళు తెరుచుకుని చూడండి

చాలామంది పిల్ల తల పట్టుకుని మొహం పక్కకి తిప్పేసుకుంటారు. మీరు చూడండి. డిహెచ్‌పిపిఐ ఒక చిన్న సీసాలో తెల్లటి పొడి బిళ్ళలా ఉంటుంది. రెండో సీసాలోని ద్రవాన్ని అందులోకి ఎక్కించి, కరిగాక వెంటనే సిరంజిలోకి తీస్తారు. ఆ ద్రవం ఉత్త నీళ్ళు కావచ్చు, లెప్టో టీకా కావచ్చు. "ఇందులో లెప్టో ఉందా?" అని అప్పుడే అడిగి తెలుసుకోండి, రియాక్షన్ వస్తే ఈ వివరం పనికొస్తుంది. పొద్దున కలిపి పెట్టిన సిరంజి తెచ్చి వేస్తుంటే వద్దనండి.

చీటీ మీద గడువు తేదీ చూడండి. సూది తీశాక ఆ చోట వెంట్రుకలు తడిగా ఉన్నాయేమో వేలితో తడమండి. పిల్ల గింజుకుంటే సూది చర్మం రెండో వైపుకి దిగి మందు బయటికి పోతుంది. తడి తగిలితే వెంటనే చెప్పండి.

పిల్ల చిన్నది కదా అని సగం డోసు అడగకండి. ఈ టీకాలు కిలోల లెక్కన వేసేవి కావు. చివావాకైనా గ్రేట్ డేన్‌కైనా డోసు ఒక్కటే. సగం వేస్తే రియాక్షన్ భయం పోదు, రక్షణ మాత్రం అనుమానంలో పడుతుంది.

పగ్, డాక్స్‌హండ్, మినియేచర్ పిన్షర్, చివావా, బోస్టన్ టెర్రియర్ లాంటి చిన్న జాతుల్లో రియాక్షన్లు కొంచెం ఎక్కువ. ఒకే రోజు ఎన్ని టీకాలు పడితే అంత పెరుగుతాయి కూడా. అమెరికాలో 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులు చూసి 2005లో వేసిన లెక్క ఇది. అన్ని రకాల రియాక్షన్లూ కలిపి మూడు రోజుల్లోపు 10,000 కుక్కల్లో సుమారు 38కి వచ్చాయి. ప్రాణం మీదికి వచ్చే షాక్ అందులో చిన్న భాగమే. మీది ఐదు కిలోల లోపు పెరిగే జాతి అయితే రేబిస్‌ని, డిహెచ్‌పిపిఐని రెండు మూడు వారాల తేడాతో విడివిడిగా వేయమని అడగండి. ఒక ట్రిప్పు ఎక్కువవుతుంది, అంతే.

6. మొదటి అరగంట క్లినిక్ దాటొద్దు

బిల్లు కట్టేసి బండెక్కకండి. ప్రమాదకరమైన రియాక్షన్ ఎక్కువగా మొదటి అరగంటలోనే మొదలవుతుంది, మందు ఉన్నది క్లినిక్‌లో. బయట నీడలో కూర్చుని పిల్లను చూస్తూ ఉండండి, ఫోన్‌ని కాదు.

ఈలోగా ఒకసారి చిగుళ్ళు చూడటం నేర్చుకోండి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కండి, ఆ చోటు తెల్లబడుతుంది. వేలు తీశాక రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. కొన్ని పిల్లలకు చిగుళ్ళే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్పను కొంచెం లాగి లోపలి రంగు చూడండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే పాలిపోయినప్పుడు గుర్తుపడతారు.

7. ఇంటికెళ్ళాక

తేలిక తిండి, నీళ్ళు, చల్లని చోటు. రాత్రి పడుకునేదాకా గంటకోసారి చూడండి. మర్నాడు కూడా పరుగులు పెట్టించొద్దు. స్నానం నాలుగైదు రోజులు ఆపండి. నీళ్ళు పడితే టీకా కడుక్కుపోతుందని కాదు, తడిసి వణికితే పిల్లకు అదనపు ఇబ్బంది అని.

8. రియాక్షన్ వస్తే: ముందు అది ఏ రకమో చూడండి

*మామూలు రకం.* మత్తుగా పడుకోవడం, తిండి కొంచెం తగ్గడం, సూది వేసిన చోట ముట్టుకుంటే మూలగడం, చిన్న జ్వరం. ఇవి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. నీళ్ళు తాగుతూ, పిలిస్తే తోక ఊపుతుంటే చూస్తూ ఉండండి చాలు. జ్వరం 104 డిగ్రీలు తాకినా, రెండు రోజులు దాటినా డాక్టర్‌కి చూపించండి. రెండు కిలోల లోపు బుల్లి పిల్ల మాత్రం ఆరేడు గంటలు ఏమీ తినకపోతే ఆగొద్దు, ఫోన్ చేయండి. వాటిలో చక్కెర త్వరగా పడిపోతుంది.

సూది చోట శనగగింజంత గడ్డ రావచ్చు, కొన్ని వారాల్లో కరిగిపోతుంది. పిసకొద్దు, కాపడం పెట్టొద్దు. వేడిగా ఉన్నా, చీము కారినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా చూపించండి.

*రెండో రకం: అలర్జీ.* పెదవులు, కళ్ళ చుట్టూ, మూతి వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, మొహాన్ని నేలకేసి రుద్దుకోవడం. సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు కనిపిస్తుంది. పొట్టి వెంట్రుకల పిల్లకు వెంట్రుకలు అక్కడక్కడ గుత్తులుగా నిక్కబొడుచుకున్నట్టుంటే కింద దద్దురు ఉన్నట్టే. బొచ్చు పిల్లకు పొట్ట కింద, చెవుల లోపల చూడండి. డాక్టర్‌కి ఫోన్ చేసి ఫోటో పంపి, అదే రోజు తీసుకెళ్ళండి. "పొద్దునకి తగ్గుతుందిలే" అని పడుకోకండి. చాలావరకు తగ్గిపోయేదే అయినా, కొన్నిట్లో ఇది మూడో రకానికి మొదటి మెట్టు. ఇంట్లో ఉన్న సెట్రిజిన్ వేయొచ్చా అని అడుగుతారు. డాక్టర్ బరువు లెక్క చూసి చెప్తే వేయండి, మీ అంతట మీరు వద్దు.

*మూడో రకం: షాక్.* వెంటవెంటనే వాంతులు, అకస్మాత్తుగా నీళ్ళ విరేచనం, కొన్నిసార్లు రక్తంతో. చిగుళ్ళు పాలిపోవడం, కాళ్ళు తూలడం, ఆయాసం, పడిపోవడం. కుక్కల్లో ఈ షాక్ తరచుగా పొట్ట నుంచే మొదలవుతుంది, అందుకే "ఏదో తిని కక్కిందిలే" అనుకుని మోసపోతారు. సూది వేసిన గంటలో రెండుసార్లు వాంతి అయితే తిండి మీదికి నెట్టకండి.

అప్పుడు చేయాల్సింది: పిల్లను పక్కకి పడుకోబెట్టి, మెడ తిన్నగా ఉంచి, వెంటనే బయల్దేరండి. ఒకరు బండి నడుపుతుంటే ఇంకొకరు ఆసుపత్రికి ఫోన్ చేసి "టీకా రియాక్షన్, పడిపోయింది, వస్తున్నాం" అని చెప్పాలి. నోట్లో నీళ్ళు, పాలు, గ్లూకోజ్ ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ అడ్రినలిన్, సెలైన్, ఆక్సిజన్ ఇస్తారు, సమయానికి చేరితే చాలా పిల్లలు కోలుకుంటాయి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది గానీ షాక్‌లో దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. దగ్గర్లో ఏ పశువుల డాక్టర్ ఉంటే ఆయన దగ్గరికే పదండి, గేదెలు చూసే డాక్టరైనా సరే. అడ్రినలిన్ ఆయన దగ్గరా ఉంటుంది.

హెచ్చరిక: మనుషుల జ్వరం మాత్రలు ఏ రకంలోనూ వద్దు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్కపిల్లకు విషంతో సమానం. "పిల్లల సిరప్ కదా, రెండు చుక్కలే కదా" అన్న మాటే చాలా కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చేది.

9. రియాక్షన్ వచ్చింది, తర్వాతి డోసు సంగతేంటి?

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. మొహం వాచిందని మొత్తం టీకాలే ఆపేస్తారు. రెండు నెలల తర్వాత అదే పిల్ల పార్వోతో రక్తపు విరేచనాలతో ఆసుపత్రికి వస్తుంది.

ముందు రాసిపెట్టండి: ఏ టీకా, బ్యాచ్ నంబరు, వేసిన సమయం, లక్షణం మొదలైన సమయం, ఏ మందుకు తగ్గింది. ఫోటోలు ఉంచండి. ఇది డాక్టర్‌తో పుస్తకంలో కూడా రాయించండి. లేకపోతే ఊరు మారినప్పుడు కొత్త డాక్టర్‌కి ఏం తెలుస్తుంది?

మామూలు రకమే అయితే షెడ్యూలు యథావిధిగా సాగుతుంది.

వాపు, దద్దుర్లు వచ్చిన పిల్లకు డాక్టర్లు సాధారణంగా ఇవి చేస్తారు: సూదికి ముందు అలర్జీ మందు ఇస్తారు, టీకాలను విడగొడతారు, లెప్టోని వేరే రోజుకి మారుస్తారు, వీలైతే కంపెనీ మారుస్తారు, క్లినిక్‌లో ఎక్కువసేపు కూర్చోబెడతారు. ముందు ఇచ్చే అలర్జీ మందు వాపును తగ్గిస్తుంది గానీ షాక్ రాదని గ్యారంటీ ఇవ్వదు. మందు పడింది కదా అని త్వరగా ఇంటికెళ్ళిపోకండి.

షాక్ వచ్చిన పిల్లకు లెక్క వేరు. అదే టీకా మళ్ళీ వేసేముందు డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ యాంటీబాడీలు (ఆ జబ్బులను ఎదుర్కొనేందుకు రక్తంలో తయారయ్యే రక్షణ పదార్థాలు) ఉన్నాయేమో రక్తపరీక్ష చేయించమని అడగండి. ఉంటే ఆ మూడింటికీ ఇక తొందర లేదు. రేబిస్ మాత్రం మన దేశంలో వదులుకునేది కాదు, లక్షణాలు బయటపడ్డాక దానికి చికిత్స లేదు. దాన్ని ఎలా వేయాలన్నది సెలైన్, అడ్రినలిన్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలో సీనియర్ డాక్టర్‌తో కూర్చుని నిర్ణయించుకోవాలి.

10. డోసుల మధ్య బయటికి తిప్పొచ్చా?

వీధి కుక్కలు తిరిగే నేల మీద, పార్కులో, పెట్ షాపులో దించొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మీ చెప్పులతో ఇంట్లోకీ వస్తుంది. గుమ్మం బయటే చెప్పులు విడవండి. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లో కొత్త పిల్లను తెచ్చేముందు, ముందు సబ్బుతో కడిగి, తర్వాత ఒక పాలు బ్లీచ్‌కి ముప్పై పాళ్ళు నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. ఫినాయిల్‌ని నమ్ముకోకండి.

అలాగని నాలుగు నెలలు గదిలో బంధించొద్దు. ఎత్తుకుని తిప్పండి, ఆటో చప్పుడు, పిల్లల అరుపులు, లిఫ్ట్ అన్నీ అలవాటు చేయండి. టీకాలన్నీ పడిన పెద్ద కుక్కతో ఇంట్లో ఆడనివ్వొచ్చు.

రేబిస్ టీకా పడని పిల్ల ఆటలో పన్ను గుచ్చి రక్తం వస్తే "చిన్నదే కదా" అనుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్ళండి. వీధిలోంచి తెచ్చిన పిల్లయితే మరీ.

తరచుగా జరిగే పొరపాట్లు

"టీకా వల్లే పార్వో వచ్చింది." ఈ మాట ప్రతి ఊళ్ళో వింటాం. పార్వో సోకాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అమ్మినచోటే సోకిన పిల్లను తెచ్చి, రెండో రోజే టీకా వేయిస్తే, మూడో రోజు జబ్బు బయటపడుతుంది. నింద టీకా మీద పడుతుంది. కొత్త పిల్లకు హుషారు, తిండి, విరేచనం రెండు మూడు రోజులు గమనించి వేయించడం మంచిదనేది అందుకే. అయితే చుట్టుపక్కల పార్వో ఉందని తెలిస్తే ఆలస్యం చేయొద్దు. ఇంకో చిక్కు: టీకా వేసిన కొన్ని రోజులవరకు మలంలో టీకా వైరస్ కనపడి, పార్వో కిట్‌లో సన్నటి గీత రావచ్చు. ఎప్పుడు టీకా వేయించారో ఆ డాక్టర్‌కి చెప్పండి.

ఐదో రోజో పదో రోజో వచ్చిన జ్వరాన్ని టీకా ఖాతాలో వేయడం కూడా తప్పే. మన దగ్గర పిడుదుల జ్వరం చాలా మామూలు. రక్తపరీక్ష చేయించాల్సిన చోట "రియాక్షన్‌లే" అని కూర్చుంటే రోజులు పోతాయి.

రేబిస్ ఒక్కటి వేయించి అన్నీ అయిపోయాయనుకోవడం ఊళ్ళలో ఎక్కువ, ఎందుకంటే ఉచితంగా దొరికేది అదే. నగరాల్లో దీనికి తిరగేసి ఉంటుంది: ఖరీదైన కాంబో అన్నీ వేయించి, రేబిస్ కూడా అందులోనే ఉందనుకుంటారు. పుస్తకంలో ఆర్ అక్షరం ఉన్న స్టిక్కర్ విడిగా వెతకండి.

పని జరిగిందా లేదా చూసుకోవడం

పుస్తకం తెరిచి ప్రతి డోసు ఎదురుగా పిల్ల వయసు వారాల్లో రాయండి. 16 వారాల గీత దాటి ఒక డిహెచ్‌పిపిఐ ఉందా? లెప్టో రెండు ఉన్నాయా? రేబిస్ 12 వారాలు నిండాక పడిందా? ప్రతి దానికి స్టిక్కర్, బ్యాచ్ నంబరు, సంతకం ఉన్నాయా? ఒక ఫోటో తీసి ఫోన్‌లో ఉంచండి. మున్సిపల్ లైసెన్స్‌కి రేబిస్ సర్టిఫికెట్ అడుగుతారు.

అనుమానం ఉంటే, చివరి డోసు వేసిన నాలుగు వారాల తర్వాత యాంటీబాడీ పరీక్ష చేయించొచ్చు. ఇది డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్‌కి నమ్మదగ్గది, లెప్టోకి కాదు. ఏడాది బూస్టర్ పడ్డాక ఈ మూడింటిని మూడేళ్ళకోసారి కంటే ముందు వేయాల్సిన పని లేదని మార్గదర్శకాలు చెప్తాయి. లెప్టో ఏటా, రేబిస్ లేబుల్ మీద ఉన్న ప్రకారం. మన దగ్గర రేబిస్ కూడా ఏటా వేసేదే ఎక్కువ.

కుక్కతో అమెరికాకో యూరప్‌కో వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ముందు మైక్రోచిప్, తర్వాత రేబిస్ టీకా. వరస తారుమారైతే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్ళీ వేయించుకోవాలి. అమెరికాకైతే కుక్కకు ఆరు నెలలు కూడా నిండాలి.